ఎకరం వనానికి గజం ధర కూడా లేదు

ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. పట్టణాల్లో వనాలు పెంచడానికి కేంద్రం నడుపుతున్న నగర వన యోజన కింద హెక్టారుకు 4 లక్షల రూపాయలు ఇస్తారు. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు కాబట్టి ఎకరానికి వచ్చేది లక్షా అరవై వేల చిల్లర. 2023 ఆగస్టులో హైదరాబాద్ శివారు కోకాపేట నియోపోలిస్‌లో ప్రభుత్వ సంస్థ హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) భూములు వేలం వేసినప్పుడు ఎకరం ధర గరిష్ఠంగా 100 కోట్ల 75 లక్షలు పలికింది. గజాల్లోకి మారిస్తే గజం రెండు లక్షల ఎనిమిది వేలు. ఎకరం వనానికి సర్కారు ఇచ్చే గ్రాంటుతో సర్కారు అమ్ముకునే నేలలో ఒక్క గజం రాదు.

ఈ లెక్క ఎవరికీ తెలియనిది కాదు. ఎవరూ పక్కపక్కన పెట్టి చూడరు, అంతే. వానాకాలం రాగానే వనమహోత్సవం ప్రకటనలు వస్తాయి. కొన్నాళ్లకు భూముల వేలం ప్రకటనలు వస్తాయి. రెంటి మీదా అవే చిరునవ్వులు, అవే ఫొటోలు. (రెండూ పత్రికలే వేస్తాయి, డబ్బు తీసుకునే వేస్తాయి. అందులో మేమేమీ మినహాయింపు కాదు.) చదివేవాడికి తేడా తెలియకూడదన్నట్టే అంతా నడుస్తోంది. మొక్కకు డబ్బిచ్చే చెయ్యీ, నేల అమ్మే చెయ్యీ ఒకే ఒంటివి.

అసలు ఈ పార్కులకు, నడకదారులకు ఇచ్చే డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. నగర వన యోజనకు పైకం కంపా నిధుల్లోంచి వస్తుంది. గనికో, రిజర్వాయరుకో, రోడ్డుకో అడవిని ఇచ్చేసినప్పుడు దానికి బదులుగా కట్టించుకునే నష్టపరిహారం అది. అడవుల రక్షణకు సంబంధించిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు మొదలుపెట్టిన ఏర్పాటుకు 2016లో చట్టం వచ్చింది. 2019 ఆగస్టులో కేంద్రం రాష్ట్రాలకు 47 వేల కోట్ల పైచిలుకు ఒక్కసారిగా బదిలీ చేసింది. తెలంగాణ వాటా 3,110 కోట్లు, ఆంధ్రప్రదేశ్ వాటా 1,734 కోట్లు. పెద్ద మొత్తమే వచ్చిందని అప్పట్లో సంబరపడ్డారు కూడా. ఎంత ఎక్కువ డబ్బొస్తే అంత ఎక్కువ అడవి పోయినట్టు లెక్క అని ఆ సంబరంలో ఎవరికీ తట్టలేదు. ఒక్క కాళేశ్వరానికే మూడు వేల హెక్టార్లకు పైగా అటవీ భూమి ఇచ్చాం. గోదావరి ఒడ్డున టేకు చెట్టు కూలితే, ఆ డబ్బు తిరిగి తిరిగి ఏదో పట్టణంలో నడకదారికి పరిచే పేవర్ బ్లాకు అవుతుంది. ఆవును చంపి చెప్పులు దానం చేయడమంటే ఇదే.

మరి పోయిన అడవికి ఖరీదెంత కట్టారు? 2022లో సవరించిన ప్రకారం నికర ప్రస్తుత విలువ కింద హెక్టారుకు సుమారు 10 లక్షల నుంచి 16 లక్షల లోపు. అభయారణ్యాలు, జాతీయ పార్కులు పక్కన పెడితే, ఎంత దట్టమైన కీకారణ్యమైనా ఎకరానికి ఆరున్నర లక్షలు దాటదు. కోకాపేట భాషలో చెప్పాలంటే మూడు గజాలు. తిరిగి నాటే మొక్కల ఖర్చు వేరే కట్టించుకుంటారు, నిజమే. అది కలిపినా ఒక కారు పార్కింగ్ చోటు కూడా రాదు. మా గొడవంతా ఇక్కడే ఉంది. నేలను డబ్బుతో మార్చుకోవచ్చని, డబ్బు కట్టేస్తే పని అయిపోయిందని ప్రభుత్వాలకు అలవాటైపోయింది. ఒకసారి ఆ అలవాటుకు చట్టం ముద్ర పడ్డాక పెద్ద అడవి, చిన్న పార్కు అన్న తేడా ఉండదు. ఇవాళ అడవికి రేటు కట్టినవాళ్లు రేపు మీ కాలనీ మైదానానికీ కడతారు.

ఆ డబ్బయినా చెట్టు మొదట్లోకి చేరుతోందా అంటే అదీ అనుమానమే. ఉత్తరాఖండ్‌లో కంపా సొమ్ము ఐఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు, ఫ్రిజ్‌లకు, ఆఫీసుల మరమ్మతులకు వెళ్లిందని కాగ్ నివేదిక చెప్పింది. 2019 నుంచి 2022 మధ్య దారి మళ్లినది దాదాపు 14 కోట్లు. హిమాలయాల సంగతి మనకెందుకని దులిపేసుకోవచ్చు. కానీ మన దగ్గర కంపా నిధుల పనులు సగం చోట్ల కంపచెట్ల పాలే కావడం దారిన పోయే ఎవరికైనా కనిపిస్తూనే ఉంది.

మా కార్యాలయానికి రెండు వీధుల అవతల ఒక పార్కు ఉంది. గేటు పక్కనే నల్ల గ్రానైట్ శిలాఫలకం. మంత్రి, ఎంపీ, ఎమ్మెల్యే, కార్పొరేటర్ అందరి పేర్లూ బంగారు రంగు అక్షరాల్లో, హోదా ప్రకారం పెద్దవీ చిన్నవీగా ఉంటాయి. పార్కు మొత్తంలో దుమ్ము పట్టనిది ఆ రాయి ఒక్కటే. లోపల బోరు ఉంది, మోటారు లేదు. ఓపెన్ జిమ్‌లో సైకిల్‌కు ఒక పెడలే మిగిలింది. రోజూ పొద్దున ఒక పెద్దావిడ ఆ ఒక్క పెడల్ మీదే కాలు పెట్టి ఓపిగ్గా తిప్పుతుంటుంది. రెండో కాలికి వ్యాయామం ఎప్పుడని అడిగితే ‘గ్రాంటు వచ్చాక’ అని నవ్వుతుంది. మొక్కలకు నీళ్లు పోసే మనిషికి జీతం నెలల తరబడి రాకపోతే అతను ఇంకో పని చూసుకున్నాడు. ఆ తర్వాత మొక్కలూ వాటి దారి అవి చూసుకున్నాయి.

మన గ్రాంటులు నడిచే తీరే ఇది. కట్టడానికి డబ్బుంటుంది, కాపాడటానికి ఉండదు. కడితే ప్రారంభోత్సవం ఉంటుంది, బిల్లు ఉంటుంది. రోజూ నీళ్లు పోస్తే రిబ్బను ఎవరు కత్తిరిస్తారు? హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేసి, పైన సోలార్ పలకల కప్పు పెట్టారు. చూడముచ్చటగా ఉంది, కాదనం. కానీ సైకిలెక్కిన పిల్లాడు తన ఇంటి నుంచి ఆ ట్రాక్ దాకా క్షేమంగా చేరే దారి మాత్రం ఎవరూ వేయలేదు. అందుకే సైకిల్‌ను కారు వెనక కట్టుకుని అక్కడి దాకా వెళ్తున్నారు, కారున్నవాళ్లు.

డబ్బు లేదనేందుకూ వీల్లేదు. తెలంగాణలో 2019 మున్సిపల్ చట్టం ప్రకారం పురపాలికలు బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి తీయాలి. 2021లో ప్రకటించిన హరితనిధి కోసం ప్రభుత్వ ఉద్యోగి జీతంలోంచి నెలకు 25 రూపాయలు, ప్రతి రిజిస్ట్రేషన్‌కు 50 రూపాయలు పట్టుకునే పద్ధతి పెట్టారు. రెండు పడకగదుల ఫ్లాటుకూ ఆకాశహర్మ్యంలో పెంట్‌హౌస్‌కూ అదే 50. మరి ఎకరం వంద కోట్లకు అమ్మిన సర్కారు తన వాటాగా ఎంత వేసింది? కోకాపేటలో ఆ ఒక్క రోజు 45 ఎకరాలు అమ్మితే వచ్చింది 3,319 కోట్లు. దేశం మొత్తానికి నగర వనాల కోసం ఐదేళ్లకు వేసుకున్న అంచనా సుమారు 895 కోట్లు. కోకాపేట ఒక్క రోజు రాబడిలో పావు వంతుకు కాస్త ఎక్కువ, అంతే.

భూములు అమ్మకపోతే సంక్షేమానికి డబ్బెక్కడిదని, కంపెనీలు రాకపోతే పిల్లలకు ఉద్యోగాలెక్కడివని ప్రభుత్వాలు అడుగుతాయి. అడగాల్సిన ప్రశ్నే. కోకాపేట అడవి కాదన్నదీ నిజమే. కానీ ఆ ప్రశ్న అడిగేవాళ్లు రెండో ప్రశ్నకు జవాబు చెప్పరు. అమ్మిన డబ్బులో పక్క ఊళ్లో ఖాళీ నేల కొని, ఎప్పటికీ ఎవరూ అమ్మకుండా ఉంచడానికి ఎంత తీశారు? పార్కుల కోసం ఇన్ని పథకాలున్నాయి కదా, వాటిలో భూమి కొనడానికి ఏది పనికొస్తుంది? నగర వనం డబ్బు కంచెకు, మొక్కలకు, నడకదారికి. అమృత్ అనే కేంద్ర పట్టణ పథకం డబ్బు పార్కును ముస్తాబు చేయడానికి. అప్పటికే అడవిగా ఉన్న చోట కంచె వేసి, కమాను కట్టి, అర్బన్ ఫారెస్ట్ పార్కు అని పేరు పెట్టి, పచ్చదనం పెరిగిందని లెక్క రాసుకుంటారు. పెరిగింది కమాను ఒక్కటే.

నేలను కాపాడటానికి ప్రతిసారీ గ్రాంటే అక్కర్లేదని కూడా మన అనుభవమే చెప్పింది. 1996లో వచ్చిన జీవో 111 ఒక్క కాగితం. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ 84 గ్రామాల్లో లక్షా 32 వేల ఎకరాలను అది పాతికేళ్లకు పైగా కాంక్రీటు నుంచి కాచింది. కంచె లేదు, కమాను లేదు, శిలాఫలకం లేదు. 2022లో ఇంకో కాగితంతో దాన్ని పక్కన పెట్టేశారు. ఆ రైతులకు నష్టం జరగలేదా అంటే జరిగింది. నగరం తాగే నీళ్ల కోసం వాళ్లు తమ భూముల మీద ఆంక్షలు మోశారు. వాళ్లకు ఏటా ఇంతని ఇచ్చి ఉంటే గ్రాంటు అన్న మాటకు అర్థం ఉండేది. అది చేయకుండా ఆంక్షలే ఎత్తేయడం ఎవరి మేలుకో, ఆ తర్వాత అక్కడ తిరిగిన రియల్ ఎస్టేట్ కార్లను అడిగితే చెబుతాయి.

ఇందులో ఏ పార్టీకీ చేతులు కడుక్కునే వీలు లేదు. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలను 2003-04లో ఒక ప్రైవేటు క్రీడా సంస్థకు కట్టబెట్టింది ఒక పార్టీ. జీవో 111కు నీళ్లొదిలింది ఇంకో పార్టీ. విశాఖలో రుషికొండ నెత్తి చెక్కింది మరో పార్టీ. అదే కంచ గచ్చిబౌలి మీదికి 2025 మార్చి 30న బుల్డోజర్లు పంపింది ఇంకో పార్టీ. కోర్టుల్లో గెలిచి ప్రభుత్వం దక్కించుకున్న భూమే అది, రికార్డుల్లో అడవి కాదు అన్నారు. రికార్డుల్లో అడవి లేదు సరే, నెమళ్లు రికార్డులు చదువుకుని వచ్చి ఉంటాయా? ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనే లోపే దాదాపు వంద ఎకరాలు చదునైపోయాయి. ముందు అడవిని ఎలా తిరిగి తెస్తారో చెప్పండి, లేదంటే అధికారులు జైలుకెళ్తారని కోర్టు అనాల్సి వచ్చింది.

ఆ బుల్డోజర్లు పంపిన ప్రభుత్వమే, అంతకు ఎనిమిది నెలల ముందు, 2024 జులైలో హైడ్రాను పెట్టింది. చెరువులు, పార్కులు కబ్జా చేసినవాళ్ల గోడలు కూల్చడం దాని పని. కాలనీ పార్కులో రేకుల షెడ్డు వేసుకున్నవాడి మీదికి తెల్లారకముందే జేసీబీ వెళ్తుంది. వెళ్లాల్సిందే, తప్పేం లేదు. ప్రభుత్వమే రాత్రుళ్లు ఫ్లడ్‌లైట్లు పెట్టి చెట్లు కొట్టిస్తుంటే మాత్రం ఏ జేసీబీ వెళ్తుంది?

ఇది ఈ ఒక్కచోటి సంగతి మాత్రమే అయితే ఇంత రాయం. ఇది నమూనా అయిపోతోంది. బెంగళూరులో పార్కుకు వదిలిన స్థలాన్ని ప్రైవేటు ఆస్పత్రికి ఇస్తే చెల్లదని సుప్రీంకోర్టు 1991లోనే తేల్చింది. ఆ తీర్పు వచ్చి మూడు దశాబ్దాలు దాటింది. ఇప్పటికీ మన లేఅవుట్లలో పార్కు కోసం వదలాల్సిన 10 శాతం స్థలం ఎక్కడుందో చెప్పమంటే చాలా పురపాలికల్లో ఫైలు వెతుక్కుంటారు. గిఫ్ట్ డీడ్ రాసిచ్చిన స్థలం మధ్యలో పదేళ్ల తర్వాత ఎవరిదో గోడ లేస్తుంది. అడిగితే, ఎక్కడో ఇంకో చోట పార్కు ఇస్తాం అంటారు. ఎక్కడో ఇంకో చోట అనే ఈ మాట కంపా చట్టం నేర్పిందే. ఊరవతల గుట్ట మీద నాటిన మొక్క మీ వీధిలో పోయిన మైదానానికి బదులని అధికారి నమ్మేశాడు. ఆ మైదానంలో క్రికెట్ ఆడే పిల్లలు గుట్ట మీదికి ఎలా వెళ్తారని ఎవరూ అడగలేదు.

మేం అడుగుతున్నది పెద్ద త్యాగమేమీ కాదు. భూమి అమ్మిన ప్రతిసారీ, వచ్చిన డబ్బులో పది శాతం అదే మండలంలో నేల కొనడానికి పక్కన పెట్టండి. కొన్నది ఎవరి పేరన ఉందో, సర్వే నంబరు ఎంతో గేటు మీద రాయండి. మాలి జీతం ఐదేళ్లకు డిపాజిట్ చేశాకే శిలాఫలకానికి గ్రానైట్ కొనండి. లేఅవుట్ వేసే ప్రైవేటు వ్యాపారి చేత పది శాతం వదిలిస్తున్నారు కదా, దేశంలోకెల్లా పెద్ద స్థిరాస్తి వ్యాపారం చేస్తున్న మీరు ఆ పాటి వదలలేరా?

వదలలేకపోతే ఒక పని చేయండి. వచ్చే వనమహోత్సవంలో గుంతలో మొక్క పెట్టి, వెండి చెంబుతో నీళ్లు పోసి, కెమెరా వైపు తిరిగే ముందు ఒక్క నిమిషం ఆగండి. కోకాపేటలో వచ్చిన మూడు వేల మూడు వందల కోట్లలో ఎన్ని గజాల ఖరీదు ఏ ఊరి ఏ పార్కుకు ఇచ్చారో మైకులో చెప్పండి. అంకె సున్నా అయితే చెంబు కింద పెట్టి వెళ్లిపోండి. మొక్కకు నీళ్లు ఆ ఊరివాళ్లు పోసుకుంటారు.