సవరణ: రొట్టెల పండగ ఫొటో గురించి

నెల్లూరు స్వర్ణాల చెరువులో రొట్టె పట్టుకుని నిలబడ్డ ఒకామె ఫొటో మొన్న పెట్టి, 'సంతాన రొట్టె అందుకుంటున్న తల్లి' అని రాశాను (ఈ పండగలో ఒక్కో కోరికకు ఒక్కో రొట్టె; కోరుకునేవాళ్లు అందుకుంటారు, తీరినవాళ్లు తెచ్చి ఇస్తారు). 'ఆమె పబ్లిక్‌గా పెట్టిందే, అడగాల్సిన పనిలేదు' అని కూడా చేర్చాను. రెండూ తప్పే. తప్పు నాది.

ఆమే ఫోన్ చేసి చెప్పారు. అది ఆరోగ్య రొట్టె. అందుకోవడం కాదు, ఇవ్వడం. పోయినేడు వాళ్లమ్మ కోసం పట్టుకున్నారు, నయమైంది, ఈసారి తెచ్చి ఇంకొకరి చేతిలో పెట్టారు. "అన్నా, మా అత్తగారి తరఫు వాళ్లు పిల్లల గురించి ఒకటే ఆరా తీస్తా ఉండారు, నేనేం చెప్పేది?" అన్నారు. ఆ చెరువు పక్కనున్న బారాషహీద్ దర్గా దగ్గర ఏ రొట్టె అడిగితే ఆ కోరిక బయటపడినట్టే. నీళ్లలో పక్కన నిలబడ్డవాళ్లకు తెలియడం వేరు, ఊరంతా తెలియడం వేరు.

ఇక రెండోది. ఆ ఫొటో ఆమె ఫేస్‌బుక్‌లో ఫ్రెండ్స్‌కి మాత్రమే పెట్టుకున్నది. అక్కడ షేర్ నొక్కితే ఆ హద్దు అలాగే ఉంటుంది. నేను స్క్రీన్‌షాట్ తీసి దాన్ని దాటేశాను. అసలు పబ్లిక్‌గా పెట్టినా, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో మీద హక్కు మామూలుగా తీసినవాళ్లదే. కనిపించినంత మాత్రాన మనదైపోదు.

ఫొటో తీసేశాను. ఈ నాలుగు మాటలు ఆమెకు చదివి వినిపించి, సరే అన్నాకే పెడుతున్నాను. మీ వాట్సాప్ గ్రూపుల్లోకి పంపి ఉంటే దయచేసి అక్కడా డిలీట్ చేయండి. మీకు వీలుకాకపోతే గ్రూప్ అడ్మిన్‌ని అడగండి.