సాయం కావాలి, పెత్తనం అక్కర్లేదు

"ఒక్కదానివే ఎలా ఉంటున్నావ్?" అని అడిగేవాళ్ళకి నా దగ్గర ఒక జవాబు రెడీగా ఉంటుంది: అద్దె కట్టి ఉంటున్నాను. కొందరు నవ్వేసి ఊరుకుంటారు, మిగతావాళ్ళు వదలరు. స్నానం ఎలా, రాత్రి దాహం వేస్తే ఎలా, పడిపోతే ఎవరు లేపుతారు, ఇదంతా పరిచయమైన పది నిమిషాల్లోపే. నాకు వెన్నుపాము దెబ్బతిని ఛాతీ కింద నుంచి కదలిక లేదు, చేతుల్లో కూడా పట్టు సగమే. పొద్దున ఒకామె వచ్చి మంచం మీంచి లేపి, స్నానం చేయించి, వీల్‌చైర్‌లో కూర్చోబెట్టి వెళ్తుంది. రాత్రి ఇంకో అమ్మాయి వస్తుంది. ఈ మాట చెప్పగానే అవతలివాళ్ళ ముఖంలో ఏదో పట్టేసిన సంతోషం. "ఓహో, అయితే మనిషి ఉందన్నమాట. మరి ఇండిపెండెంట్ అంటావేంటి?"

కారుకి డ్రైవర్‌ని పెట్టుకున్నాయన్ని చూసి పాపం స్టీరింగ్ కూడా తిప్పలేడు, ఎలా బతుకుతాడో అని ఎవరూ అనరు కదా. ఆయన ఎక్కడికి పొమ్మంటే కారు అక్కడికే పోతుంది, అంతవరకే చూస్తారు. నా విషయంలో మాత్రం ఎవరి చేతులు పనిచేస్తున్నాయి అని చూస్తారు గానీ, ఏ పని ఎప్పుడు జరగాలో ఎవరు చెప్తున్నారు అని అడగరు.

దెబ్బ తగిలిన కొత్తలో కొన్నేళ్ళు ఇంట్లోనే ఉన్నాను. మావాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, ప్రాణం పెట్టి చూసుకున్నారు, అది ముందే చెప్పేస్తున్నా, లేకపోతే కామెంట్లలో నాకు కృతజ్ఞత లేదని క్లాసు పీకుతారు. కానీ రాత్రి తొమ్మిదికల్లా నేను పడుకోవాలి, ఎందుకంటే ఆ తర్వాత నాన్నకి నన్ను ఎత్తే ఓపిక ఉండదు. ఆయన తప్పేం లేదు, వయసైన మనిషి నడుము అది. ఏ బట్టలంటే తొడగడం తేలికైన బట్టలు. నా జుట్టు నడుం దాకా ఉండేది, దువ్వడం కష్టమని ఒక మధ్యాహ్నం కత్తిరించేశారు, నన్ను అడిగారా అంటే అడిగారు, కత్తెర చేతిలో పట్టుకుని అడిగారు. డాక్టర్ నా ముందే అమ్మని అడిగేవాడు, "మోషన్ సరిగ్గా అవుతోందా అమ్మాయికి?" అని. నాకప్పుడు ముప్పై దాటాయి, ఉద్యోగం చేసుకుంటున్నాను, ఇన్‌కమ్ టాక్స్ కట్టేదాన్ని.

ఇప్పుడు నేను పన్నెండింటికి పడుకుంటాను. ఏమీ చెయ్యను అప్పటిదాకా, ఊరికే ఫోన్ చూస్తూ కూర్చుంటాను. అంతే. దానికోసమే ఇంత ఖర్చు, ఇంత టెన్షన్.

ఇదేదో నా సొంత తిక్క అనుకునేవాళ్ళ కోసం కొంచెం చరిత్ర. ఎడ్ రాబర్ట్స్ అని అమెరికన్, 1953లో పద్నాలుగేళ్ళకి పోలియో వచ్చి మెడ కింద అంతా చచ్చుబడింది, రాత్రిళ్ళు ఊపిరి కోసం ఐరన్ లంగ్ అనే పెద్ద యంత్రంలో పడుకోవాలి. ఈయనకి ఉద్యోగం చేసే స్థితి లేదని కాలిఫోర్నియా పునరావాస శాఖ మొదట చదువుకి డబ్బు ఇవ్వనంది. అయినా 1962లో బర్క్‌లీ యూనివర్సిటీలో చేరాడు. హాస్టల్ అంతస్తులు ఆ యంత్రం బరువు మోయలేవని క్యాంపస్ ఆసుపత్రిలో గది ఇచ్చారు. తర్వాత ఆయనలాంటివాళ్ళు ఇంకొందరు అక్కడికే చేరారు. వాళ్ళ సహాయకుల్ని వాళ్ళే ఎంచుకోవడం, వాళ్ళే నేర్పించుకోవడం, నచ్చకపోతే మార్చేసుకోవడం అలా మొదలైంది, 1972కల్లా వికలాంగులే నడిపే సెంటర్ ఫర్ ఇండిపెండెంట్ లివింగ్ అనే సంస్థ పెట్టారు. ఆ తర్వాత ఈయన ఏ శాఖకి డైరెక్టర్ అయ్యాడో తెలుసా? డబ్బు ఇవ్వనన్న ఆ పునరావాస శాఖకే. నేను ఇది తలుచుకుని చాలాసార్లు ఒక్కదాన్నే నవ్వుకుంటూ ఉంటాను.

స్వీడన్‌లో 1994 నుంచి పర్సనల్ అసిస్టెన్స్, అంటే రోజువారీ పనులకి సొంత సహాయకులు ఉండటం, చట్టపరమైన హక్కు. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం 2006లో వచ్చింది, అందులో 19వ ఆర్టికల్ మొత్తం దీని గురించే: ఎక్కడ ఉండాలో, ఎవరితో ఉండాలో ఎంచుకునే హక్కు మిగతావాళ్ళతో సమానంగా ఉండాలి, ఫలానా చోటే ఉండాలని బలవంతం ఉండకూడదు, దానికి కావాల్సిన సాయం అందాలి. కాగితం మీద బ్రహ్మాండం.

నేలమీదకి వస్తే, ఇల్లు వెతకడం దగ్గరే సగం ప్రాణం పోతుంది. "ర్యాంప్ ఉందండీ" అంటారు. వెళ్ళి చూస్తే స్కూటర్ ఎక్కించుకోవడానికి వేసిన జారుడుబల్ల. ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు వాలు ఉండాలి, ఇదేమీ రహస్యం కాదు. బాత్రూమ్ తలుపైతే ఎప్పుడూ ఇంట్లోకెల్లా సన్నటి తలుపే, పైగా లోపలికి తెరుచుకుంటుంది, కుర్చీ లోపలికి దూరినా మళ్ళీ తలుపు మూయలేం. అన్నీ కుదిరాక ఓనర్ గారు గొంతు తగ్గించి, "ఎవరైనా తోడు ఉంటే ఇచ్చేవాళ్ళమమ్మా" అంటారు. తోడు ఉంటే నాకు ఇల్లెందుకండీ?

పొద్దున ఏం జరుగుతుందో కూడా చెప్తాను, ఎలాగూ అడుగుతారు. కుర్చీని మంచానికి కొంచెం ఏటవాలుగా పెట్టాలి, రెండు బ్రేకులూ వేయాలి, మంచం వైపు ఆర్మ్‌రెస్ట్ తీసేయాలి. ట్రాన్స్‌ఫర్ బోర్డు, అంటే మంచం మీంచి కుర్చీలోకి జరగడానికి వేసే నున్నటి పలక, దాని ఒక కొస నా తొడ కిందకి పోవాలి, చర్మం నలగకుండా. ఒకటి, రెండు, మూడు అని లెక్క నేనే పెడతాను, మూడు అన్నాకే జరపాలి. వెనక్కి అద్దం పట్టించుకుని ఎక్కడైనా ఎర్రబడిందేమో చూసుకుంటాను, నొప్పి తెలియని ఒంటి మీద చిన్న ఎరుపు వదిలేస్తే పుండై నెలలు మంచాన పడేస్తుంది. ఏజెన్సీ వాళ్ళు పంపిన ఒకామె "నాకు ట్రైనింగ్ ఉంది మేడం, మీరు ఊరికే ఉండండి" అని చంకల కింద చేతులు పెట్టి లాగింది, వారం భుజం ఎత్తలేకపోయాను. అందుకే ఇప్పుడు ఏమీ తెలియనివాళ్ళనే పెట్టుకుంటాను. ఇప్పుడున్నావిడ మొదటిరోజు "అక్కా, నాకు భయంగా ఉంది, మీరు చెప్పండి నేను చేస్తా" అంది. ఉద్యోగం అక్కడికక్కడే ఖాయం.

చెడ్డ రోజులు లేవా? ఉన్నాయి. ఒకసారి పొద్దున రావాల్సిన మనిషి రాలేదు, ఫోన్ స్విచ్చాఫ్. మధ్యాహ్నం దాకా మంచం మీదే, తడిసిన దుప్పటి మీద. పైకప్పు చూస్తూ ఏడ్చాను కూడా. ఆ తర్వాత నుంచి పక్కింట్లో ఒక తాళంచెవి, మంచం పక్కన చేతికందేలా చార్జరు, స్ట్రా ఉన్న నీళ్ళ సీసా, పిలిస్తే రాగలిగే ఇంకో ఇద్దరి నంబర్లు. కానీ ఈ సంగతి ఒక బంధువుకి చెప్తే ఆవిడ నోటివెంట వచ్చిన మొదటి మాట, "చూశావా, అందుకే ఇంట్లో ఉండమన్నాం." ఎవరికైనా ఒక రోజు పాడైతే పాడైందంటారు, నాకు పాడైతే మాత్రం నేను ఒంటరిగా ఉండకూడదనడానికి రుజువు దొరికినట్టు. ఇంట్లో ఉన్న ఆ ఏళ్ళన్నీ తొమ్మిదింటికి లైటు తీసేసిన రాత్రులు ఎవరి లెక్కలోనూ రాలేదు.

ఇక "మీరు ఎంతోమందికి స్ఫూర్తి మేడం" బ్యాచ్. నేను లిఫ్ట్ కోసం ఎదురుచూస్తున్నాను సార్, అందులో స్ఫూర్తి పొందడానికి ఏముంది? స్ఫూర్తి పొందినవాళ్ళు ఆ లిఫ్ట్‌లోంచి దిగి నాకు చోటిస్తే బాగుండేది, ఒక్కరూ దిగలేదు.

సరే, అసలు ఈ పోస్ట్ మొదలుపెట్టింది ఒక పని మీద. రాత్రి పూట వచ్చే అమ్మాయికి వేరే ఉద్యోగం వచ్చింది, వచ్చే నెల నుంచి మనిషి కావాలి. బరువు ఎత్తగలగాలి, టైముకి రావాలి, నేను మూడు అనేదాకా ఆగాలి. అనుభవం అవసరం లేదు, పని నేర్పిస్తాను, జీతం ఒకటో తారీఖున ఇస్తాను. తెలిసినవాళ్ళుంటే మెసేజ్ పెట్టండి. సలహాలు మాత్రం పంపకండి, ఇప్పటికే స్టాక్ నిండా ఉంది.