వేట లేని 61 రోజుల్లో ఏం నేర్పొచ్చు?

ఏప్రిల్ 15న సముద్రంలో వేట నిషేధం వచ్చిందంటే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు ఒడ్డుకు చేరతాయి. మళ్లీ జూన్ 14 దాటాకే వేట. ఆ 61 రోజులూ వలల అతుకులు, ఇంజన్ల రిపేర్లు, ప్రభుత్వం ఇచ్చే భృతి కోసం ఎదురుచూపులు. అదే సమయంలో భీమిలి తీరం వెంట రొయ్య పిల్లల హేచరీల్లో రాత్రీ పగలూ పనే. చేపల పెంపకంలో టెక్నీషియన్లను తయారుచేయాలంటున్న మనం ఈ రెంటినీ ఎందుకు కలపడం లేదు?

మనకు తెలిసిన శిక్షణలు చాలావరకు ఒకే తీరు. నాలుగు రోజుల క్లాసు, ఒక పూట చెరువు దగ్గరికి ప్రయాణం, చివర్లో సర్టిఫికెట్, గ్రూపు ఫొటో. ఆ ప్రయాణం పదింటికి మొదలై భోజనాల వేళకు ముగుస్తుంది. చెరువు అసలు పరీక్ష పెట్టేది తెల్లవారుజామున. పగలు ఎండకు ఆక్సిజన్ ఇచ్చిన నీటిలోని నాచే రాత్రి దాన్ని వాడేసుకుంటుంది. మబ్బు పట్టిన రోజైతే మరీ. నీటిలో కరిగిన ఆక్సిజన్ (డీఓ) లీటరుకు 3 మిల్లీగ్రాముల (3 పీపీఎం) కిందికి జారిందంటే చేప మేత ముట్టదు. ఇంకా తగ్గితే నోరు తెరుచుకుని పైకి తేలుతుంది. ఆ వేళ గట్టు మీద నిలబడనివాడికి సర్టిఫికెట్ ఎంత పెద్దదిచ్చినా ఒకటే.

ఇంకో చిక్కుంది. పల్లెల్లో రైతు ‘టెక్నీషియన్’ అని పిలిచేది చాలాచోట్ల మేత కంపెనీ మనిషినో, మందుల కంపెనీ మనిషినో. సలహా ఉచితం. బిల్లు మాత్రం మందులకు. తప్పు ఆ కుర్రాళ్లది కాదు, వాళ్ల టార్గెట్లు అలాంటివి. నీళ్లు చూసి ‘మందు అక్కర్లేదు, నీరు మార్చు చాలు’ అనగలిగే మనిషి రైతుకు కావాలి.

అలాంటి చూపు హేచరీలో అలవడుతుంది. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన వెనామీ రొయ్య లార్వా (నాప్లీ) అమ్మకానికి పనికొచ్చే రొయ్య పిల్లగా (పీఎల్) మారడానికి సుమారు మూడు వారాలు. అంటే వేట నిషేధ కాలంలో రెండు బ్యాచ్‌లు మొదలు నుంచి చివరిదాకా కళ్లారా చూడొచ్చు. ఒకటి పాడైతే ఎందుకు పాడైందో రెండోదానిలో సరిచూసుకోవచ్చు. చీకట్లో ట్యాంకు మెరిసిందంటే విబ్రియో అనే హానికర బ్యాక్టీరియా చేరిందని అనుమానించాలి. ఏ పాఠంలో చదివినా, ఆ మెరుపు ఒకసారి చూసినవాడు మరిచిపోడు.

మత్స్యకారుడికి ఉప్పునీరు, గాలి, పోటు ఎవరూ నేర్పక్కర్లేదు. అతనికి లేనివి మైక్రోస్కోపు, రికార్డు పుస్తకం. పంజరాల సాగులోనైతే అతని అనుభవమే సగం పెట్టుబడి. 2007లో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) సముద్రంలో పంజరం దింపి పండుగప్పను పెంచి చూపించింది విశాఖ తీరంలోనే. వల శుభ్రం చేయాలన్నా, లంగరు తాళ్లు బిగించాలన్నా కావలసింది ఈత, ఓర్పు.

హేచరీ యజమానులు బయటివాళ్లను లోపలికి రానివ్వరు. వాళ్ల భయం న్యాయమైనదే. ఒక మనిషి కాళ్లతో వచ్చిన వైరస్ ట్యాంకులన్నీ ఊడ్చేయగలదు. అందుకే రోజుకో గుంపును తిప్పకుండా, పదిమందినే తీసుకుని రెండు నెలలూ అక్కడే పని చేయించాలి. రాత్రి షిఫ్టుకు కూలీ కూడా ఇవ్వాలి. భృతి మీద నడిచే ఇంటి నుంచి జీతం లేని శిక్షణకు ఎవరొస్తారు?