చదివింపుల పట్టిక

మా ఇంట్లో కాగితాలు దాచే పద్ధతి 2009కి ముందు ఒకటి, తర్వాత ఇంకొకటి. ఆ ఏడాది అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ కలిసికట్టుగా కర్నూలు ఊళ్లోకి వచ్చినప్పుడు నాన్న ట్రంకు పెట్టె కూడా మునిగింది. నీళ్లు తీశాక ఇంటి దస్తావేజులూ, నా పదో తరగతి మార్కుల జాబితా మిద్దె మీద బట్టల క్లిప్పులకు వేలాడాయి. వాటిని ఇప్పుడు ముట్టుకున్నా వేళ్లకు సన్నటి మట్టి అంటుకుంటుంది. అందుకే కొన్నేళ్ల తర్వాత ప్రతి కాగితాన్నీ ఫోటో తీసి, ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచుకునే గూగుల్ డ్రైవ్‌లో పెట్టడం మొదలుపెట్టాను. అలాంటి చోటును క్లౌడ్ అంటారని, క్లౌడ్ అంటే మబ్బు అని నాన్నకు వివరించాను.

“వరద తెచ్చింది మబ్బే కదరా, మళ్లీ దాంట్లోనే పెడతావా?” అన్నాడు.

అక్కడ ఉచితంగా ఇచ్చే చోటు 15 జీబీ. అందులోనే మెయిలు, ఫైళ్లు, ఫోటోలు ఉమ్మడి కాపురం చేయాలి. వీటిలో గూగుల్ ఫోటోస్‌లో కాస్త నాణ్యత తగ్గించి దాచిన ఫోటోలు 2021 జూన్ 1 దాకా లెక్కలోకి రాని చుట్టాలు. ఆ తేదీ నుంచి ఎక్కించినవాటికి మాత్రం పంక్తిలో విస్తరి వేసి లెక్క కడుతున్నారు. మొన్న ఆదివారం పొద్దున చోటు నిండిపోయిందని హెచ్చరిక వచ్చింది. సరే, ఈ రోజు సర్దడమే పని అని కూర్చున్నాను.

లోపల చూస్తే ఇంటికి పెద్దదిక్కు లేనట్టు ఉంది. ‘కొత్తది’, ‘కొత్తది 2’, ‘ఇదే అసలుది’, ‘అసలుది (పాతది)’ అని ఫోల్డర్లు. నా ఆధార్ కార్డు తొమ్మిది చోట్ల దొరికింది. వెతకడం కంటే మళ్లీ ఫోటో తీయడమే సులువని ప్రతిసారీ అనుకున్నట్టున్నాను. ఒక ఫోటోలో కార్డు కంటే మా ఆవిడ బొటనవేలే స్పష్టంగా పడింది. ఎనిమిదింటిని తీసేశాను. బంధువులు పంపిన శుభోదయం వీడియోలు రెండు వందల పైచిలుకు తీసేశాను. అయినా అంకె కదల్లేదు. చెత్తబుట్టలో ఉన్నదీ లెక్కలోకే వస్తుందట. మనం ఖాళీ చేయకపోతే 30 రోజుల తర్వాత అదే పోతుంది. మనింటి చెత్తబుట్ట కూడా అంతే కదా అనుకుని, ఖాళీ చేసి ముందుకు సాగాను.

మధ్యాహ్నానికి పూనకం వచ్చింది. ‘ఇల్లు’, ‘ఆరోగ్యం’, ‘బండి’ అని ఫోల్డర్లు పెట్టి ఒక్కొక్కటీ లాగి వేస్తుంటే, పప్పులో రాళ్లు ఏరినంత ప్రశాంతంగా ఉంది. చివరికి ఒకే ఒక్క పట్టిక మిగిలింది. మా గృహప్రవేశం నాటి చదివింపుల లెక్క. ఎవరు, ఎంత, వస్తువైతే ఏమిటి అని మూడు గడులు. నాలుగోది నేను చేర్చిన ‘రిమార్కులు’.

అది చుట్టాల సంగతి కాబట్టి చుట్టాల ఫోల్డరులో ఉండాలి. ‘మనవాళ్లు’ అనే ఫోల్డరు అప్పటికే ఉంది. దాంట్లోకి లాగాను. ఏదో గడి ఎదురొచ్చి నాలుగు ముక్కలు చెప్పబోయింది. చదవకుండా సరే నొక్కేశాను. మేనకోడలి పెళ్లి ఫోటోలు అందరూ ఎక్కించడానికి వీలుగా ఆ ఫోల్డరును 27 మందితో పంచుకున్నానని, మార్పులు చేసే హక్కు కూడా అందరికీ ఇచ్చానని నాకు గుర్తు లేదు. అలాంటి ఫోల్డరులో ఏది పడినా అందులో ఉన్నవాళ్లందరికీ కనబడుతుంది.

సోమవారం పొద్దున ఉగ్గాని, బజ్జీ ముందు పెట్టుకున్నాను. పెద్దమ్మ ఫోను.

“నాయనా, నీ పట్టికలో రాశావే, ఆ స్టీలు డబ్బా అడుగున పేరు గీకేసింది నేను కాదు. మాకు వచ్చినప్పుడే అట్లా ఉండింది.”

బజ్జీ చేతిలోనే ఉండిపోయింది. పట్టిక తెరిచాను. పైన రంగురంగుల గుండ్రాల్లో చుట్టాల పేర్ల మొదటి అక్షరాలు, పెళ్లి పందిట్లో దీపాల్లా వెలుగుతున్నాయి. కింద గడుల్లో ఒక్కొక్కరి రంగు చతురస్రం తిరుగుతోంది. మా చిన్నమామ పేరు ఎదురుగా 516 ఉండాలి, 1,116 ఉంది. పాత మార్పుల చరిత్ర తెరిస్తే, తెల్లవారుజామున 2:40కి మార్చింది ఆయనేనని పేరుతో సహా ఉంది. పక్కనే నా రిమార్కు: ‘మేము 1,116 పెట్టాం, గుర్తుందో లేదో’. గుర్తొచ్చినట్టుంది.

గోడ గడియారం ఇచ్చిన బావగారి వరుసలో ‘మనం వీళ్లకు ఇచ్చిన గడియారమే’ అని రాసుకున్నాను. దాని కింద ఆయన, ‘నడవడం లేదని మీకే తిప్పి పంపాం’ అని చేర్చాడు. అది మా హాల్లో ఇప్పటికీ నాలుగుంపావు చూపిస్తోంది. ఆ తర్వాత ఎవరో అడుగున ఏకంగా కొత్త వరుసే మొదలుపెట్టారు. పేరు నాది. మొత్తం: సున్నా. రిమార్కు: ‘మా గృహప్రవేశానికి వచ్చి, రెండుసార్లు ఓళిగ వడ్డించుకుని, కవరు జేబులోనే పెట్టుకుని వెళ్లాడు’.

మా ఆవిడ భుజం మీదుగా చదివి, “అది నిజమే కదండీ” అంది. ఇంట్లోనే సాక్షి.

పట్టికను వెంటనే బయటికి లాగేశాను. పది నిమిషాల్లో మూడు ఫోన్లు. ఎవరూ తిట్టలేదు. “అదేమిటి, కనబడటం లేదు? మా తోడికోడలు ఎంత పెట్టిందో ఇంకా చూడనే లేదు” అని ఒకరి బాధ.

సాయంత్రం చిన్నమామ వచ్చాడు. కాఫీ తాగి, వర్షాల గురించి మాట్లాడి, లేచేటప్పుడు టీపాయి మీద కవరు పెట్టాడు. లోపల 600 రూపాయలు.

“రాసుకో అల్లుడూ, ఇప్పుడు లెక్క సరిపోయింది” అన్నాడు.

నేను ఫోను తీయబోయాను. అప్పటికే నాన్న గదిలో ట్రంకు పెట్టె మూత కిర్రుమంది. అట్ట ఉబ్బిపోయిన పాత నోటుపుస్తకంతో బయటికొచ్చి, తాళంచెవి జేబులో వేసుకుని, కలం మూత తీశాడు.

“నువ్వు ఉండరా. చెప్పు బావా, నేను రాసుకుంటాను.”