రేట్ల అట్టగారికి ఒక విన్నపం

శ్రీకాకుళం.

మహారాజశ్రీ రేట్ల అట్టగారి దివ్యసముఖానికి,

నమస్కారాలు. నిన్న పళ్ల డాక్టరుగారి రిసెప్షన్ బల్ల మీద తమరి దర్శనమైంది. నిగనిగలాడే లామినేషన్, మూలన అమ్మాయి నవ్వు, చూడముచ్చటగా ఉన్నారు.

మా అమ్మని గుర్తుపట్టే ఉంటారు. కింది దవడ చివరి పన్నుకి రూట్ కెనాల్ అయింది, ఇక క్యాప్ వెయ్యాలి. భోంచేసి వచ్చెయ్యమన్నవాళ్లు దీపాలు పెట్టేవేళకి లోపలికి పిలిచారు. ఏసీ ఉంది, రిమోట్ కనపడలేదట. టీవీలో ఒకటే పళ్లపేస్టు ప్రకటన, తిప్పి తిప్పి వేశారు. అవన్నీ వదిలేశాను. తమరిని వదలడం మాత్రం నా వల్ల కావట్లేదు.

తమరి ఒంటి మీద వరసగా క్యాప్ రకాలు: మెటల్, పింగాణీ పూసిన మెటల్, జిర్కోనియా అనే గట్టి తెల్ల పింగాణీ, ప్రీమియం జిర్కోనియా, ఈ-మ్యాక్స్ అనే గాజులాంటి పింగాణీ. పక్కన ధర. ఆ పక్కన వారంటీ: 5 ఏళ్లు, 10 ఏళ్లు, 15 ఏళ్లు. మెటల్‌కి మాత్రం చిన్న గీత. సెల్లు రీచార్జి ప్లాన్లయినా ఇంత శుభ్రంగా ఉండవు. కౌంటర్ కుర్రాడు పెన్ను పట్టుకుని "ఏది రాయమంటారండీ?" అన్నాడు. ఏది మంచిదని అడిగితే "మీ ఇష్టమండీ, బడ్జెట్‌ని బట్టి" అన్నాడు. అమ్మ తమరిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటి బాబూ, నాకు మరో పదేనేళ్లు రాసిచ్చేస్తన్నారేటి?" అంది.

మా ఇష్టమట! ఇష్టపడ్డానికి మాకేం తెలుసని? నవ్వితే కనపడే పన్నుకి ఈ-మ్యాక్స్ బాగుంటుంది, వెలుతురుని కొంచెం లోపలికి పోనిస్తుంది కాబట్టి సొంత పన్నులాగే ఉంటుంది. నమిలే దవడ పన్నుకి, అందులోనూ నిద్రలో పళ్లు కొరికేవాళ్లకి, గట్టి జిర్కోనియానో మెటలో కావాలి. పింగాణీ పూసినది చవగ్గా తెల్లగా కనిపిస్తుంది గానీ, పూత పెచ్చులూడొచ్చు, చిగురు వెనక్కి జారితే అంచున నల్లగీత బయటపడొచ్చు. మెటల్‌కైతే పన్నుని తక్కువ అరగదీస్తే సరిపోతుంది. కాకపోతే గిల్టు కమ్మలు పెట్టుకుంటే చెవులు పుండుపడే మనిషికి నికెల్ కలిసినది వెయ్యకూడదు, ముందే చెప్పుకోవాలి. ఇందులో ఒక్క ముక్కైనా తమరి మీద ఉందా? రూపాయి గుర్తు మాత్రం ఏ వరసలోనూ మర్చిపోలేదు.

జిర్కోనియా పక్కన "జర్మనీ" అని రాసుకున్నారు. శుభం. అది తయారయ్యేది జిర్కాన్ అనే ఖనిజం నుంచి. మన కళింగపట్నం, భావనపాడు తీరాల ఇసకలో ఇల్మనైట్, గార్నెట్‌లతో పాటు ఆ జిర్కానూ ఉంది. పొద్దుపోక ఈ సంగతి అమ్మకి చెప్పాను. "ఐతే మన ఇసకకి మనవే డబ్బులు కట్టాలేటి?" అంది. ఇది ఆ ఇసకే అని కాదమ్మా, శుద్ధిచేసి, మిషన్ మీద చెక్కి, కొలిమిలో కాల్చి పన్ను చెయ్యాలి, బోల్డు పనుంది అన్నాను. "ఐతే ఇసక్కెంత, కూలికెంత, ఇడదీసి రాయమను" అంది. తమరు పలకలేదు.

ఇక ఆ వారంటీ. అట్ట అడుగున, లామినేషన్ బుడగ లేచినచోట, చీమ తలకాయంత అక్షరాలు: వారంటీ క్యాప్‌కే. విరిగితే కొత్తదిస్తారు. అంచు దగ్గర పాచి పేరుకుని లోపల పన్ను పుచ్చిపోతే? అది మన పన్ను, మన ఖర్మ. ఎన్నో క్యాప్‌లు పాడయ్యేది ఆ పుచ్చు వల్లే. ఆ ఒక్క గొడవా తప్ప మిగతావాటన్నిటికీ పూచీ పడ్డారన్నమాట, ఎంత పెద్ద మనసు!

చివరికి డాక్టరుగారు అమ్మ నోట్లో చిన్న అద్దం పెట్టి చూశారు, నీలం కాగితం కొరికించారు. "మామ్మగారూ, పన్ను ఎత్తు బాగా తక్కువుంది, ఎక్కువ అరగదీస్తే క్యాప్ నిలబడదు. ఎలాగూ చివరిది, ఎవరికీ కనపడదు. మెటల్ చాలు." నిమిషం పట్టలేదు.

ఆ మాట చెప్పగలిగిన మనిషి తలుపుకవతల ఉంటే, ఇవతల మధ్యాహ్నమంతా నీ మొహం చూస్తూ కూర్చోబెట్టారు కదే! మా పక్కన పాతపట్నం నుంచి వచ్చినాయన, నీ మీద 15 అన్న అంకె చూసి అదే రాయించుకున్నాడు, డబ్బు సర్దమని అల్లుడికి ఫోన్ చేశాడు. ఏ పన్నుకని ఆయనా చెప్పలేదు, వీళ్లూ అడగలేదు. గొంతు తగ్గించి, గోడవైపు తిరిగి మాట్లాడాడు. అవతల అల్లుడు ఏమన్నాడో గానీ, "లేదు బాబూ, డాక్టర్లు రాసిందే" అన్నాడు. డాక్టరు కాదు, నువ్వు రాశావు! అట్టముక్కవి, నీకు సిగ్గేమిటిలే.

వచ్చేవారం ఫిట్టింగుకి రమ్మన్నారు, వస్తాం. ప్లాస్టిక్ మీద చెరగని మార్కర్ పెన్ను ఏడురోడ్ల జంక్షన్లో కొని జేబులో పెట్టుకున్నాను. ధర ముందు "ఏ పన్నుకి?" అని ఒక గడి గీస్తాను. కుర్రాడు అడ్డొస్తే అమ్మ చూసుకుంటుంది.

ఇట్లు,
చివరి పన్ను తాలూకు మనిషి