రిచీ స్ట్రీట్ కాపురం

(చెన్నై, పెరంబూరు. ఆదివారం పొద్దున్న. భోజనాల బల్ల మీద భోజనం తప్ప అన్నీ ఉన్నాయి: టంకం తీగ, హీట్‌సింక్, మల్టీమీటరు, బెల్లం ముద్దంత ట్రాన్స్‌ఫార్మరు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పే వరలక్ష్మి పాటలు వినడానికి సొంతంగా ఆంప్లిఫయర్ కట్టుకుంటూ, వంగి టంకం వేస్తోంది. బ్యాంకు ఉద్యోగి ప్రసాదు పేపరు చాటు నుంచి చూస్తున్నాడు.)

ప్రసాదు: ఇవాళ బల్ల మీద తినే యోగం ఉందా, కంచం ఒళ్ళో పెట్టుకోవాలా?

వరలక్ష్మి: ఆగండి. ఈ ఐసీ చిప్పుకి పదకొండు కాళ్ళు. రెండు కలిశాయంటే గోవిందా.

ప్రసాదు: మా అమ్మ కాళ్ళు కూడా ఇంత భక్తిగా పట్టుకోలేదు నువ్వు.

వరలక్ష్మి: అత్తయ్యగారికి గుణగణాలన్నీ రాసిచ్చే డేటాషీట్ లేదు కదండీ. ఎల్‌ఎం 3886 అనే ఈ చిప్పుకి ఉంది. ప్లస్ మైనస్ 28 వోల్టులిస్తే నాలుగు ఓముల స్పీకరుకి 68 వాట్లు.

ప్రసాదు: అసలుదేనా? ఎలక్ట్రానిక్ సామాన్ల బజారు, రిచీ స్ట్రీట్‌లో తెచ్చావుగా!

వరలక్ష్మి: మొదటి కొట్లో ధర వినగానే డూప్లికేటని తెలిసిపోయింది. గోరుతో గీకితే పైన అచ్చు లేచొచ్చింది. ఇది వేరే కొట్లోది.

ప్రసాదు: ఈ గోకుళ్ళెందుకనే సెకండ్‌హ్యాండ్ కొనమంటాను. 1978లో వచ్చిన నాడ్ 3020 ఆంప్లిఫయర్ చూడు. చెప్పుకోవడానికి 20 వాట్లే. ఇప్పటికీ ఎగబడి కొంటున్నారు.

వరలక్ష్మి: కొంటారు. కొన్నాక లోపలి కెపాసిటర్లు మార్పించుకుంటారు. వాటిలో ఉండే రసాయనం, ఎలక్ట్రోలైటు, నలభై ఏళ్ళకి ఎండిపోదా మరి? మీరు మైలాపూరు నుంచి ఆటోలో ఊరేగించుకొచ్చిన విదేశీ స్పీకర్ల సంగతి చెప్పండి.

ప్రసాదు: వాటికేం? టేకు రంగు, రాజసం!

వరలక్ష్మి: ముందున్న బట్ట తీసి వేలు పెట్టాను. స్పీకర్లో ఊగే కోను చుట్టూ ఉండే ఫోమ్ పిండిలా రాలి పడింది. సముద్రం గాలికి, ఈ తేమకి ఫోమ్ నిలుస్తుందా? రబ్బరు అంచుదైతే ఇంకొన్నాళ్ళు బతికేది.

ప్రసాదు: కొత్త రింగు అంటిస్తే సరి!

వరలక్ష్మి: అంటించేది ఎవరు? నేనే. కోను మధ్యకి రాకపోతే దాని వెనకున్న తీగచుట్ట, కాయిల్, అయస్కాంతానికి గీసుకుంటుంది. నాలుగు వేళ్ళతో సమానంగా నొక్కి, చప్పుడు రాకుండా లోపలికి వెళ్తోందో లేదో చూడాలి. కొనేముందు ఆ పని మీరు చేయొచ్చుగా?

ప్రసాదు: ఆయన ముసలాయన. కాఫీ ఇచ్చాడు. కాఫీ తాగుతూ కోను నొక్కి చూస్తే ఏం బాగుంటుంది?

(బేరం దగ్గర మొహమాటపడేవాడు పాత సామాన్ల జోలికి పోకూడదని ఎవరైనా చెప్తే బాగుండు. ప్రసాదు వినడు, అది వేరే విషయం.)

వరలక్ష్మి: ఆ జపాన్ ఆంప్లిఫయర్ కూడా కాఫీ ఇచ్చినవాళ్ళదేనా? వెనక 100 వోల్టులని రాసుంది. మన ప్లగ్గులో 230. నేను చూడబట్టి సరిపోయింది, లేకపోతే ఇల్లంతా సాంబ్రాణి వేసినట్టుండేది.

ప్రసాదు: నువ్వు చేసిందేమైనా మోగుతోందా?

వరలక్ష్మి: మోగుతుంది. ఆ 100 వాట్ల పాతకాలం బల్బు అందుకోండి. కరెంటు దాని గుండా పోవాలి. ఒకసారి వెలిగి మసకబారితే క్షేమం. అలాగే వెలుగుతుంటే లోపల షార్ట్.

ప్రసాదు: ఎల్‌ఈడీ పెట్టు, కరెంటు మిగులుతుంది.

వరలక్ష్మి: ఎల్‌ఈడీ ఈ పనికి రాదు. దూరం జరగండి.

(స్విచ్ వేసింది. బల్బు భగ్గుమని, మెల్లగా నారింజరంగుకి దిగి, ఆరిపోయింది. బల్బు తీసేసి, పాత చిన్న స్పీకరొకటి తగిలించింది. స్పీకర్లోంచి సన్నగా ‘గుంయ్’.)

ప్రసాదు: ఓంకారం! ఇన్నాళ్ళూ ఈ తపస్సు ఇందుకా?

వరలక్ష్మి: ఓంకారం కాదు, 100 హెర్ట్జ్. కరెంటు 50 కదా, ఏసీని డీసీ చేసే రెక్టిఫయర్ దాటితే రెట్టింపవుతుంది. గ్రౌండు తీగలు తలో చోటా కట్టాను. అన్నీ ఒక్కచోట కలిపితే పోతుంది.

ప్రసాదు: ఆ మోత పోయాక అమ్మితే ఎంతొస్తుంది? కంపెనీదైతే పేరుకైనా ధర పలుకుతుంది. వరలక్ష్మి మార్కుకి ఎవరిస్తారు?

వరలక్ష్మి: (మొదటిసారి తల దించుకుని) అమ్మడానికి చేశానా? బాలమురళిగారి గొంతు వినడానికి చేశాను.

ప్రసాదు: గొంతు సరే. హాల్లో స్పీకర్ల కోసం చేయించిన ఆ రెండు చెక్క డబ్బాల మాటేమిటి? సర్క్యూట్‌కంటే వడ్రంగికే ఎక్కువ పోశావు.

వరలక్ష్మి: నేనిచ్చిన బొమ్మ సరైనదే! థీల్, స్మాల్ అని ఇద్దరు మహానుభావులు చెప్పిన లెక్క. లోపల ఎన్ని లీటర్ల గాలి పడుతుందో దాన్ని బట్టే బేస్, అంటే మంద్రధ్వని. ఆ వడ్రంగి లోపలి కొలతల్ని బయటి కొలతలనుకున్నాడు. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ చెక్క అన్ని వైపులా లోపలికొచ్చేసింది. ఇంక బేస్ ఎక్కడిది?

ప్రసాదు: దానికితోడు పైన గోపురం చెక్కాడు.

వరలక్ష్మి: దేవుడి మందిరం అనుకున్నాట్ట! తలుపులు ఎప్పుడు పెట్టమంటారని ఫోను కూడా చేశాడు.

(ప్రసాదు ఫోను మోగింది. తమిళంలో కాసేపు మాట్లాడి, చేత్తో ఫోను మూశాడు.)

ప్రసాదు: నిన్న ఆ డబ్బాల ఫోటో తీసి అమ్మకానికి పెట్టానులే. చెప్తే అరుస్తావని చెప్పలేదు. ఈయన రెండూ కలిపి 3,000 ఇస్తాట్ట. పటాలు ఎంత ఎత్తువి పడతాయని అడుగుతున్నాడు.

వరలక్ష్మి: (టంకం ఇనుము స్టాండులో పెట్టి) అడుగున్నర అనండి. ఆ గుండ్రటి కన్నాలు దీపం పొగ పోవడానికనండి.