డ్యూటీ చార్టులో లేని పని

నర్సింగ్ విద్యార్థులకూ అనుభవజ్ఞులైన నర్సులకూ వార్డులో ఎందుకు పడదన్న మాట వచ్చినప్పుడల్లా ఇరుపక్షాల సమాధానాలూ ముందే సిద్ధంగా ఉంటాయి. ‘ఈ పిల్లలకు ఓర్పు లేదు, ఒక్క మాట అంటే కళ్లనీళ్లు పెట్టుకుంటారు, మేము ఇంతకు పదింతలు పడ్డాం’ అని సీనియర్లు అంటారు. ‘సిస్టర్లకు మేమంటే చులకన, నేర్పరు సరికదా నలుగురిలో పరువు తీస్తారు’ అని విద్యార్థులు అంటారు. చాలా ఏళ్లుగా వార్డులో పనిచేస్తూ, పోస్టింగులకు, అంటే వార్డు శిక్షణకు, వచ్చే విద్యార్థులకు పని నేర్పే బాధ్యత కూడా చూస్తున్నదాన్ని కాబట్టి ఈ రెండు మాటల్లోనూ ఎంతో కొంత నిజం ఉందని నాకు తెలుసు. అయితే ఆ రెంటినీ కలిపినా అసలు కారణం దొరకదు. మనం మనుషుల స్వభావాల గురించి వాదించుకుంటున్నాం కానీ, గొడవ మొదలవుతున్నది డ్యూటీ చార్టులో. అందులో మంచాలకు లెక్క ఉంది, రోగులకు లెక్క ఉంది, నర్సులకు లెక్క ఉంది. నేర్పడానికి పట్టే సమయానికి మాత్రం ఎక్కడా లెక్క లేదు.

ఉదయం డ్యూటీనే తీసుకోండి. రాత్రి డ్యూటీ వాళ్ల దగ్గర హ్యాండోవర్ తీసుకోవడం, అందరి వైటల్స్ (నాడి, రక్తపోటు, శ్వాస, ఉష్ణోగ్రత) చూడటం, ఒకే సమయానికి ఇవ్వాల్సిన మందులన్నీ ఇవ్వడం, డాక్టర్ల రౌండ్స్‌లో వెంట ఉండటం, వాళ్లు రాసిన కొత్త ఆర్డర్లను అమలు చేయడం, డిశ్చార్జి అయ్యేవాళ్లను పంపి ఆ మంచం మీదకు కొత్త రోగిని చేర్చుకోవడం, ఇవన్నీ మొదటి మూడు నాలుగు గంటల్లోనే మీద పడతాయి. సరిగ్గా ఆ సమయానికే విద్యార్థుల బృందం వచ్చి నర్సింగ్ స్టేషన్ పక్కన నిలబడుతుంది. నేను పది నిమిషాల్లో ముగించే డ్రెస్సింగ్‌ను విద్యార్థి చేత చేయించాలంటే అరగంట పడుతుంది. ఆ అరగంటా నేను పక్కనే నిలబడాలి. స్టెరైల్ గ్లవ్స్ వేసుకున్న చేతితో దుప్పటి సర్దిందా, గాయం శుభ్రం చేసిన దూదిని మళ్లీ వాడబోతోందా, రోగి ముఖం నొప్పితో ముడుచుకుంటుంటే గమనించిందా అని చూడాలి. ఈలోగా అవతలి మంచం దగ్గర సెలైన్ అయిపోతుంది, ఇంకో మంచం నుంచి బెల్ మోగుతుంది. విద్యార్థి వచ్చింది కదా, మీకు సాయమే కదా అని పైవాళ్లు అంటారు. పోస్టింగ్ మొదటి రోజుల్లో విద్యార్థి వల్ల రెండు చేతులు కలవవు, ఉన్న రెండు చేతులు ఆమె దగ్గర ఆగిపోతాయి. ఈ చిన్న విషయాన్ని ఒప్పుకోని ఆసుపత్రి యాజమాన్యాలు ఆ తరువాత ‘సీనియర్ల ప్రవర్తన’ మీద శిక్షణ తరగతులు పెడుతుంటే నాకు నవ్వూ కోపమూ కలిసి వస్తాయి.

సమయం ఒక్కటే కాదు, భయం కూడా ఉంది. ఇన్సులిన్ సంగతి చూడండి. సాధారణంగా వాడే యూ-100 ఇన్సులిన్‌లో ఒక మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉంటాయి, అంటే 10 యూనిట్లంటే మిల్లీలీటరులో పదో వంతు. ఇన్సులిన్ సిరంజికి బదులు మామూలు సిరంజి చేతికి తీసుకుని గీతలు తప్పుగా చదివితే పదింతల మోతాదు వెళ్లిపోవచ్చు. గాఢ పొటాషియం క్లోరైడ్‌ను పలుచన చేయకుండా నరంలోకి నేరుగా ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు. ఇవి తరగతిలో విద్యార్థి రాసుకున్న వాక్యాలే, కాదనను. కానీ సీనియర్ నర్సుకు ఇవి వాక్యాలుగా గుర్తురావు. ఏదో ఒక రాత్రి, ఏదో ఒక మంచం, తృటిలో తప్పిన ప్రమాదం గుర్తుకొస్తాయి. పైగా విద్యార్థి ఇచ్చిన మందుకు కేస్ షీటులో సంతకం సీనియర్‌ది. రేపు విచారణ అంటూ వస్తే పిలిచేదీ ఆమెనే. విద్యార్థి చేతిలోంచి సిరంజి లాక్కునే నర్సును బయటి నుంచి చూస్తే అహంకారి అనిపిస్తుంది. ఆమె లోపల ఉన్నది మాత్రం చాలాసార్లు భయమే.

ఇంతవరకు చదివి, సీనియర్ల తరఫున వకాల్తా పుచ్చుకున్నానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. భయానికీ పనిభారానికీ కారణాలు చెప్పగలను కానీ, అవమానించడానికి కారణం ఉండదు. కాన్యులా (నరంలోకి సెలైన్, మందులు ఎక్కించే సన్నని గొట్టం) పెట్టబోయి నరం దొరకక రెండోసారి కూడా విఫలమైన విద్యార్థితో, రోగి మంచం పక్కనే, రోగి బంధువులు వింటుండగా, ‘ఇలా వణికే చేతులతో ఈ కోర్సుకు ఎందుకొచ్చావమ్మా, మీ కాలేజీలో ఏం నేర్పారు?’ అనడం నేను ఎన్నోసార్లు విన్నాను. ఆ మాట పూర్తయ్యేలోపే రోగి చేయి వెనక్కి లాక్కుంటాడు. ఆ రోజుకు ఆ విద్యార్థిని ఆ వార్డులో ఏ రోగీ తన దగ్గరకు రానివ్వడు. అక్కడ చెప్పాల్సింది నిజానికి చాలా తక్కువ: టోర్నికే (నరం ఉబ్బేలా చేతికి బిగించే పట్టీ) మరీ పైన కట్టావు, నరాన్ని వేలితో నొక్కి చూడకుండా కంటికి కనిపించిందని గుచ్చావు, చర్మాన్ని కిందికి లాగి పట్టుకోలేదు. ఈ మూడు మాటలు చెప్పడానికి పట్టే సమయం ఆ తిట్టుకు పట్టిన సమయం కంటే ఎక్కువేమీ కాదు. కాబట్టి సమయం లేక తిట్టాం అన్న వాదనను, నేను సీనియర్‌ను అయివుండి కూడా, అంగీకరించలేను.

తిట్టు వల్ల విద్యార్థి మనసు నొచ్చుకుంటుందన్నది నా ప్రధాన అభ్యంతరం కాదు. మనసులు కాలక్రమేణా కుదుటపడతాయి. నా అభ్యంతరం రోగి వైపు నుంచి. ఒకసారి నలుగురిలో మాట పడ్డ విద్యార్థి మరునాడు బీపీ చూస్తుంది. మెషీన్ మీద 80/50 వస్తుంది. తన చేతిలోనే ఏదో తప్పు జరిగిందనుకుంటుంది, మళ్లీ చూస్తుంది, మళ్లీ అంతే. సిస్టర్‌ను పిలిస్తే ‘కఫ్ కూడా సరిగ్గా కట్టలేవా’ అంటుందేమోనని, చార్టులో పై వరుసలో ఉన్న 110/70నే కింద కూడా రాసేస్తుంది. వార్డుల్లో పనిచేసిన వాళ్లెవరికీ ఇది కొత్త విషయం కాదు. వైటల్స్ చార్టులో రోజంతా అచ్చుగుద్దినట్టు ఒకే అంకెలు కనిపిస్తే మనందరికీ అనుమానం వచ్చేది అందుకే. రోగి రక్తపోటు పడిపోతోందన్న మొదటి కబురు ఆ అమ్మాయి దగ్గరే ఆగిపోయింది. ఆపింది ఆమె అజ్ఞానం కాదు, ఆమె కంటితో సరిగ్గానే చూసింది. నిన్న విన్న మాట ఆపింది.

అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2008లోనే, బెదిరించే ప్రవర్తన వైద్యంలో పొరపాట్లకు దారితీస్తుందని ఆసుపత్రులను హెచ్చరించింది. 2015లో ఇజ్రాయెల్ పరిశోధకులు నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్‌లో పనిచేసే డాక్టర్లు, నర్సులతో కూడిన 24 బృందాల మీద జరిపిన పరిశోధన ఇంకా ఆసక్తికరమైనది. నమూనా శిశువు మీద జరిగిన ఆ అభ్యాసంలో, కొన్ని బృందాలకు బయటి నిపుణుడి చేత కాస్త చులకనగా మాట్లాడించారు. ఆ మాటలు విన్న బృందాలు రోగనిర్ధారణలోనూ, చేతులతో చేసే చికిత్సలోనూ మిగతావాళ్ల కంటే వెనకబడ్డాయి. గమనించండి, వాళ్లు విద్యార్థులు కారు, ఆ పనిలో ఉన్న వాళ్లు. ‘తిడితేనే బుర్రకెక్కుతుంది’ అని నమ్మే మా తరం వాళ్లు ఈ ఒక్క ఫలితాన్ని తీరిక చేసుకుని ఆలోచించాలని నా కోరిక.

సీనియర్లు సరిగ్గా నేర్పలేకపోవడానికి మరో కారణం ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పనిలో బాగా ఆరితేరిన మనిషికి తాను ఏం చేస్తున్నదో చెప్పడం రాదు. నర్సు అనుభవాన్ని అమెరికన్ ఆచార్యురాలు పట్రీషియా బెన్నర్ 1980లలో ఐదు దశలుగా విడదీసి చూపింది. మొదటి దశలోని మనిషి నియమాలను పట్టుకుని నడుస్తుంది. చివరి దశకు చేరిన నర్సు నియమాల మెట్లు ఎక్కకుండానే పరిస్థితి మొత్తాన్ని ఒక్కసారిగా గ్రహిస్తుంది. గది గుమ్మంలో నిలబడి ‘ఆరో నంబర్ మంచం పేషెంట్ బాగాలేడు’ అనే సీనియర్‌ను ‘ఎలా తెలిసింది సిస్టర్?’ అని అడగండి. ఆమె ‘చూస్తే తెలియదూ’ అంటుంది. విద్యార్థికి అది చిన్నబుచ్చినట్టు వినిపిస్తుంది, కానీ చాలాసార్లు ఆమె దగ్గర నిజంగానే అంతకు మించి మాటలు ఉండవు. శ్వాస వేగం పెరిగింది, చర్మం చెమటగా ఉంది, నిన్న మాట్లాడినవాడు ఈ రోజు కళ్లు తెరవడం లేదు అని విడమరచి చెప్పడం వేరే విద్య. ఆ విద్యను ఏ ఆసుపత్రీ ఆమెకు నేర్పలేదు. సర్వీసు ఉంది కాబట్టి నేర్పడం వచ్చేసి ఉంటుందని అనుకున్నారు.

ఈ లెక్కలేనితనానికి చరిత్ర కూడా ఉంది. 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నైటింగేల్ పేరిట శిక్షణ పాఠశాల మొదలైనప్పుడు విద్యార్థినులు వార్డుల్లో పనిచేస్తూనే నేర్చుకునేవారు. ఆ పద్ధతి దేశదేశాలకూ వ్యాపించేసరికి, విద్యార్థినుల చేత వార్డులు నడిపించడం ఆసుపత్రులకు చవకైన ఏర్పాటుగా మారింది. ఆసుపత్రి అవసరాల కింద చదువు నలిగిపోతోందని అమెరికాలో నర్సింగ్ విద్య మీద వచ్చిన 1923 నాటి గోల్డ్‌మార్క్ నివేదిక స్పష్టంగానే చెప్పింది. విద్యార్థిని సిబ్బంది సంఖ్యలో కలిపి లెక్కించకూడదన్న సూత్రాన్ని బ్రిటన్‌లో నర్సింగ్ విద్యను సంస్కరించడానికి వచ్చిన 1986 నాటి ‘ప్రాజెక్ట్ 2000’ ప్రతిపాదన గట్టిగా ముందుకు తెచ్చింది. సూత్రం కాగితం మీదకు వచ్చి ఇన్నేళ్లయినా, సిబ్బంది తక్కువైన రోజున ‘విద్యార్థులున్నారుగా, సర్దుకోండి’ అన్న మాట వినని వార్డు ఉందంటే నేను నమ్మను. అలా సర్దుబాటు చేసిన రోజున విద్యార్థి ఏమీ నేర్చుకోదు, సీనియర్‌కు భారమూ తగ్గదు, సాయంత్రానికి ఇద్దరికీ ఒకరిమీద ఒకరికి చిరాకు మిగులుతుంది. సర్దుకోమన్న వాళ్లు ఆ సమయానికి ఇంటికి వెళ్లిపోయి ఉంటారు.

‘నర్సులు తమ పిల్లల్ని తామే తింటారు’, అంటే కొత్తగా వచ్చేవాళ్లను సీనియర్లే వేధిస్తారు, అన్న మాట ఇంగ్లిష్‌లో 1986 నుంచి ప్రచారంలో ఉంది. జుడిత్ మెయిస్నర్ అనే నర్సింగ్ ఆచార్యురాలు ఆ ప్రశ్నను తన వ్యాసంలో నిజాయితీతోనే లేవనెత్తింది. కానీ తరువాత ఆ మాట పనిచేసిన తీరు నాకు నచ్చదు. అది ఈ వ్యవహారాన్నంతటినీ నర్సుల బుద్ధికి అంటగట్టి, సిబ్బంది సంఖ్యను నిర్ణయించే వాళ్లను ఏ బాధ్యతా లేకుండా వాకిలి దాకా సాగనంపింది.

విద్యార్థులకు చెప్పవలసింది తక్కువే. పొరపాటు చేస్తున్నప్పుడు ‘ఆగు’ అని గట్టిగా అనడం అవమానం కాదు, ఆ క్షణంలో మృదువుగా అనడానికి వ్యవధి ఉండదు. ‘కాలేజీలో ఇలా చెప్పలేదు’ అనేబదులు ‘మాకు ఇలా చెప్పారు, ఇక్కడ వేరుగా ఎందుకు చేస్తున్నారు సిస్టర్?’ అని అడిగితే, ఒక్కోసారి సీనియర్ పద్ధతే పాతదని ఇద్దరికీ తెలుస్తుంది. కాథెటర్ (మూత్రం గొట్టం) వేయడం బొమ్మ మీద తప్ప చేయలేదంటే ఆ సంగతి ట్రే సిద్ధం చేయకముందే చెప్పండి. పనుల వేళ ఫోను చేతిలో కనిపిస్తే మీరు అందులో మందు మోతాదే వెతుకుతున్నారని ఎవరూ అనుకోరు, ఇది అన్యాయమే అయినా ఉన్న మాట. ఇక హాజరు పుస్తకంలో సంతకం పెట్టించి, విద్యార్థులను వార్డుకు అప్పగించి మాయమయ్యే కాలేజీ అధ్యాపకుల గురించి రాయాలంటే వేరే వ్యాసం కావాలి.

నేను కోరేవి పెద్ద సంస్కరణలేమీ కాదు. విద్యార్థిని ఏ నర్సుకు అప్పగించారో ఆ నర్సు పేరు చార్టులో రాయాలి, ఆ రోజు ఆమెకు రోగుల సంఖ్య తగ్గించాలి. ఒక్కొక్కరి వెనుక ఐదారుగురిని తోలకూడదు. ఎలా నేర్పాలో ఆమెకు ముందు నేర్పాలి, ఆ పనిని జీతంలోనూ పదోన్నతిలోనూ గుర్తించాలి. రోజూ పక్కన నిలబడి నేర్పే నర్సే చివరకు విద్యార్థి భవిష్యత్తు తేల్చే మార్కులు కూడా వేస్తే, ఏ విద్యార్థీ తనకు రానిది రాదని ఒప్పుకోదు. బ్రిటన్ నర్సింగ్ నియంత్రణ మండలి 2018లో తెచ్చిన ప్రమాణాల్లో పర్యవేక్షించే బాధ్యతనూ మూల్యాంకనం చేసే బాధ్యతనూ వేర్వేరు వ్యక్తులకు ఇచ్చింది. దాని అమలులో లోటుపాట్లు ఉండవచ్చు కానీ ఆలోచన సరైనదే.

ఇదంతా విన్న యాజమాన్యం చెప్పే జవాబు ఒక్కటే: నర్సుల కొరత. కొరత అబద్ధమని నేను అనను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం 2023 నాటికి ప్రపంచంలో నర్సులు 2 కోట్ల 98 లక్షల మంది ఉన్నారు, ఇంకా 58 లక్షల మంది కావాలి. అయితే ఆ 58 లక్షల మందీ ఎక్కడి నుంచి వస్తారో యాజమాన్యమే చెప్పాలి. వాళ్లు ఈ రోజు మా నర్సింగ్ స్టేషన్ పక్కన, ఎవరిని ఏం అడగాలో తెలియక, నోట్‌బుక్ పట్టుకుని నిలబడి ఉన్న పిల్లల్లోంచే రావాలి. వాళ్లలో ఒకరికి కాన్యులా నేర్పడానికి నాకు అరగంట ఇవ్వలేని ఆసుపత్రి, అదే అమ్మాయి చదువు ముగించి వేరే ఉద్యోగం చూసుకున్నప్పుడు ఖాళీ అయిన పోస్టుకు ప్రకటన ఇస్తుంది, ఇంటర్వ్యూలు జరుపుతుంది, కొత్తగా చేరిన మనిషికి మళ్లీ అదే వార్డులో అదే కాన్యులా నేర్పమని నన్నే పిలుస్తుంది. అప్పుడు కూడా చార్టులో నా రోగుల సంఖ్య తగ్గదు.